ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కి రెండేళ్ళూ, 60 వేలూ పెట్టొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. తమ్ముడు ఈ ఏడాది పదో తరగతి పాసయ్యాడు. నల్గొండ జిల్లాలో మీ ఊరికి దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఐటీఐ వాళ్ళు ఎలక్ట్రీషియన్ ట్రేడుకి ఏడాదికి 30 వేలు అడుగుతున్నారు. నాన్నగారిది కౌలు వ్యవసాయం, అప్పు తెస్తే తప్ప కట్టలేరు. ఇంకోపక్క ఇళ్ళ వైరింగ్ పనులు చేసే మేనమామ "నా వెంట పంపండి, మొదటి నెల నుంచే నాలుగు రూపాయలు సంపాదిస్తాడు" అంటున్నారు. ఏది మేలు, పెట్టిన డబ్బు వెనక్కి వస్తుందా అని అడిగారు.

నేను పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తున్నాను. ఐటీఐ చదివే ఈ లైన్లోకి వచ్చాను. కొత్త కుర్రాళ్ళను తీసుకునేటప్పుడు వాళ్ళకు పని పెట్టి చూసేది కూడా నేనే. అందుకని నాకు కనిపించేవి చెబుతాను.

ముందు సూటిగా జవాబు. ప్రభుత్వ ఐటీఐలో సీటొస్తే ఇంకేం ఆలోచించకుండా చేర్పించండి. ప్రైవేటులో అయితే వర్క్‌షాప్ కళ్ళారా చూశాకే డబ్బు కట్టండి. మేనమామ దగ్గరికి పంపడం మంచిదే, కానీ చదువు మానేసి కాదు, సెలవుల్లో. పిల్లవాడికి లెక్కలు బాగా వస్తాయంటే మాత్రం వీటన్నిటికంటే ముందు పాలిటెక్నిక్ సంగతి చూడాలి, దాని గురించి కింద రాస్తాను.

ఇప్పుడు ఖర్చు లెక్క. మీరు 60 వేలే చూస్తున్నారు. అసలు ఖర్చు అది కాదు. మా వైపు ఎలక్ట్రికల్ హెల్పర్‌గా చేరిన కుర్రాడికి నెలకు 12, 13 వేలు వస్తున్నాయి. ఆ లెక్కన రెండేళ్ళలో పోయే సంపాదన 3 లక్షల దాకా ఉంటుంది. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రమే అయినా ఈ 3 లక్షలు ఎటూ పోతాయి. మీ నాన్నగారికి ఇది ముందే తెలియాలి. లేకపోతే రెండో ఏడాది మధ్యలో పంట దెబ్బతిన్నప్పుడు "చదివింది చాలు, పనికి రా" అనే మాట వస్తుంది. మధ్యలో మానేసినవాడికి ఇటు సర్టిఫికెట్టూ ఉండదు, అటు రెండేళ్ళ పనీ ఉండదు. ఈ చదువులో నిండా నష్టపోయేది వాళ్ళే.

దాని మీద అప్పు. ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారనుకుందాం. మొదటి ఏడాది 30 వేలకు నెలకు 600 వడ్డీ. రెండో ఏడాది ఇంకో 30 వేలు కలిస్తే నెలకు 1,200. ఆ తర్వాతి ఏడాది అప్రెంటిస్‌షిప్, అప్పుడు కూడా అసలు తీర్చే స్తోమత ఉండదు కాబట్టి అదే 1,200. మూడేళ్ళకు వడ్డీయే 36 వేలు. అంటే 60 వేల ఫీజు మీకు 96 వేలు అవుతుంది. ఇది కాక బస్ పాసు, డ్రెస్సు, రికార్డులు, టూల్ కిట్టు. అందుకే ముందు అప్పు లేని దారులన్నీ చూడమంటున్నాను. ఐటీఐ సీట్లు పదో తరగతి మార్కుల మీద విడతలవారీగా ఇస్తారు. మొదటి విడతలోనే దరఖాస్తు పెట్టి, జిల్లాలో ఉన్న ప్రభుత్వ ఐటీఐలన్నిటికీ ఆప్షన్ ఇవ్వండి. ఊరికి 40 కిలోమీటర్లు ఉన్నా సరే. ప్రైవేటు ఐటీఐల్లో కూడా కన్వీనర్ ద్వారా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో) వచ్చే సీట్లుంటాయి. స్కాలర్‌షిప్ కోసం ప్రభుత్వ వెబ్‌సైటు ఈపాస్‌లో ఐటీఐ వాళ్ళూ దరఖాస్తు చేసుకోవచ్చు. కాకపోతే ఆ డబ్బు వేళకు పడుతుందని నమ్ముకుని ఇంటి బడ్జెట్ వేసుకోకండి. అది వచ్చేదాకా కాలేజీవాళ్ళు ఆగుతారా, ముందు మీ చేత కట్టించి తర్వాత తిరిగి ఇస్తారా అన్నది చేరేరోజే అడిగి, కాగితం మీద రాయించుకోండి. ఫీజు బాకీ ఉందని టెన్త్ మెమో ఇవ్వకుండా తిప్పించుకునే చోట్లు ఉన్నాయి. మా దగ్గరికి అప్రెంటిస్‌గా రావాల్సిన ఒక కుర్రాడు ఇలాగే చేరే గడువు దాటబెట్టుకున్నాడు.

ఇక రాబడి. నేను చూసే ఫ్యాక్టరీల్లో ఐటీఐ అయిపోయి కొత్తగా వచ్చిన ఎలక్ట్రీషియన్‌కి కాంట్రాక్టర్ కింద 15 నుంచి 18 వేలు ఇస్తున్నారు. ఓటీ చేస్తే ఇంకొంచెం. పీఎఫ్ కోత పోను చేతికి తక్కువే వస్తుంది. పని బాగా వచ్చినవాడు నాలుగైదేళ్ళలో 25, 30 వేలకు చేరతాడు. సబ్‌స్టేషనూ, హెచ్‌టీ (హై టెన్షన్) ప్యానెళ్ళూ చూసుకోగలిగి, చేతిలో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ ఇచ్చే పర్మిట్ ఉంటే అంతకంటే పైకి వెళతాడు. మీ మేనమామ దారిలో వెళ్ళినవాడు మూడేళ్ళలో పని నేర్చుకుని రోజుకు 800, 1,000 తీసుకుంటాడు. సొంతంగా పనులు ఒప్పుకోవడం మొదలుపెడితే, పాయింటుకి ఇంత అని మాట్లాడుకుని, పని ఉన్న నెల 40 వేలు కూడా మిగుల్చుకుంటాడు. వానాకాలంలో కట్టుబడి పనులు ఆగిన నెల పదివేలు కూడా రావు.

కాబట్టి నిజం చెప్పాలంటే, మొదటి ఐదేళ్ళు మాత్రమే చూస్తే మేనమామ దారిలోనే డబ్బు ఎక్కువ. ఐటీఐ గొప్పదని చెప్పేవాళ్ళు ఈ మాట దాటేస్తారు. దాచిపెడితే మీ ఇంట్లో రేపు గొడవలొస్తాయి, అందుకే చెబుతున్నాను. ఐటీఐ రాబడి నెల జీతంలో కంటే, ఆ కాగితం లేనివాడు అసలు దరఖాస్తే చేయలేని ఉద్యోగాల్లో ఉంటుంది.

అవేమిటో చూడండి. డిస్కంల్లో (కరెంటు పంపిణీ సంస్థల్లో) జూనియర్ లైన్‌మన్ పోస్టులకు పదో తరగతితో పాటు ఎలక్ట్రికల్ ఐటీఐ గానీ, ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సు గానీ ఉండాలి. రాతపరీక్షతో పాటు స్తంభం ఎక్కి చూపించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్లుగా వేలమంది చేరింది ఈ అర్హతతోనే. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్ గ్రేడ్-3 పోస్టులు ఏడో వేతన సంఘం లెక్కలో 19,900 మూల వేతనంతో మొదలవుతాయి. దానికి డీఏ, హెచ్ఆర్ఏ కలుస్తాయి. జెన్‌కో, ట్రాన్స్‌కో, సింగరేణి, బీహెచ్ఈఎల్, విశాఖ ఉక్కు లాంటివి నోటిఫికేషన్ వేసినప్పుడు కూడా ఐటీఐ వాళ్ళకు పోస్టులు గానీ అప్రెంటిస్ సీట్లు గానీ ఉంటాయి. ఇవన్నీ తప్పకుండా వస్తాయని చెప్పను. ఒక్కో నోటిఫికేషన్‌కి ఏళ్ళు పడుతుంది, పోటీ విపరీతం. కానీ మేనమామ దగ్గర పదేళ్ళు పనిచేసి ఎంత గొప్ప పనివాడైనా ఆ ఫారం మొదటి గడి నింపలేడు. మా దగ్గర కాంట్రాక్టులో ఒకాయన ఉన్నారు. కేబుల్ జాయింట్ ఆయన వేస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదు, అంత మంచి చెయ్యి. కంపెనీ రోల్స్‌లోకి, అంటే పర్మనెంట్‌గా, తీసుకుందామని ఆయన పేరు నేనే పంపాను. ఐటీఐ సర్టిఫికెట్ కాలమ్ ఖాళీగా ఉందని హెచ్ఆర్ వాళ్ళు వెనక్కి పంపారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఐటీఐ కుర్రాళ్ళు ఇద్దరు ఇప్పుడు రోల్స్‌లో ఉన్నారు. నాకు ఇది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అయితే సర్టిఫికెట్ ఉంటే చాలా? చాలదు. మీరు కట్టబోయే 60 వేలకు అసలు పరీక్ష ఇక్కడే.

మేము కొత్తవాళ్ళకు పెట్టే టెస్ట్ చెబుతాను. బల్ల మీద ఒక కాంటాక్టర్ (కాయిల్‌కి కరెంటిస్తే మోటారు లైను కలిపే స్విచ్చి), ఒక ఓవర్‌లోడ్ రిలే (లోడు ఎక్కువైతే ట్రిప్ అయ్యేది), స్టార్ట్ బటన్, స్టాప్ బటన్, కొన్ని వైరు ముక్కలు, స్క్రూడ్రైవర్ పెడతాను. డీఓఎల్ స్టార్టర్ (మోటారుకి నేరుగా సప్లయ్ ఇచ్చే స్టార్టర్) కంట్రోల్ వైరింగ్ చేయమంటాను. ఐటీఐలో అందరూ రికార్డులో గీసే బొమ్మే ఇది. చాలామంది స్టార్ట్ నొక్కితే కాంటాక్టర్ పట్టుకునేలా చేస్తారు, వేలు తీయగానే వదిలేస్తుంది. వేలు తీశాక కూడా పట్టి ఉంచడానికి, కాంటాక్టర్ మీదుండే 13-14 కాంటాక్టుని స్టార్ట్ బటన్‌కి సమాంతరంగా కలపాలని తట్టదు. ఇంకా ముఖ్యమైనది ఓవర్‌లోడ్ రిలే. దానికి 95-96, 97-98 అని రెండు జతలుంటాయి. 95-96 మామూలుగా కలిసి ఉండేది, ట్రిప్ అయితే విడిపోతుంది. కాయిల్ లైన్ దాని గుండానే వెళ్ళాలి. కొందరు 97-98లో వేస్తారు, అది మామూలుగా విడిపోయి ఉండేది కాబట్టి స్టార్టర్ అసలు పట్టదు. కొందరు రిలేని వదిలేసి కాయిల్‌కి నేరుగా ఇస్తారు. మోటారు బ్రహ్మాండంగా తిరుగుతుంది, లోడు ఎక్కువైన రోజు వైండింగ్ కాలిపోతుంది. ఇలా చేసినవాళ్ళలో 80 శాతం మార్కులతో పాసైనవాళ్ళున్నారు. వాళ్ళ ఐటీఐలో కాంటాక్టర్‌ను చేత్తో పట్టుకునే అవకాశమే రాలేదు. బోర్డు మీది బొమ్మ చూసి రాసుకున్నారంతే.

జహీరాబాద్ వైపు ప్రభుత్వ ఐటీఐ నుంచి వచ్చిన ఒక కుర్రాడు బల్ల దగ్గర నిలబడి మొదట అడిగిన మాట "సార్, సప్లయ్ ఎక్కడి నుంచి వస్తోంది, ఆఫ్‌లో ఉందా?" అని. తర్వాత టెస్టర్‌తో చూసుకున్నాడు. మల్టీమీటర్ కావాలని అడిగి, స్టాప్ బటన్ ఏ జత మామూలుగా కలిసి ఉందో కొలిచి చూసి, అప్పుడు వైరు పట్టుకున్నాడు. నెమ్మదిగానే చేశాడు. ఇంకేమీ అడగకుండా తీసుకున్నాం. రెండేళ్ళు డబ్బు పెట్టి కొనాల్సిందేమిటంటే ఆ అలవాటు.

కాబట్టి ఆ ప్రైవేటు ఐటీఐకి మీరూ తమ్ముడూ కలిసి ఒక మామూలు పనిరోజు ఉదయం 11 గంటలప్పుడు, చెప్పకుండా వెళ్ళండి. ఆఫీసులో కూర్చోబెట్టి బ్రోచర్ చూపిస్తారు. వర్క్‌షాప్ చూస్తామనండి. తాళం వేసి ఉంటే, తాళంచెవి ఉన్న మనిషి లేడంటే, అక్కడికక్కడే తేలిపోయినట్టే. తెరిచి ఉంటే లోపల ఎవరైనా పని చేస్తున్నారా చూడండి. మోటార్ల మీద దుమ్ము పేరుకుని ఉందా, వైండింగ్ వైరు ముక్కలు బల్లల కింద పడి ఉన్నాయా? ముక్కలు కనిపిస్తే మంచి గుర్తు, అక్కడ పని జరుగుతోంది. ప్యానెల్ ముందు రబ్బరు మ్యాట్ ఉందా? రెండో ఏడాది పిల్లల్ని బయటికి పిలిచి, స్టార్ డెల్టా స్టార్టర్ (పెద్ద మోటార్లకు వాడేది) ఎన్నిసార్లు స్వయంగా కట్టారో అడగండి. ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారా, నెలల తరబడి ఖాళీయా అనేది కూడా వాళ్ళే చెబుతారు. ఎలక్ట్రీషియన్ ట్రేడుకి ఎన్‌సీవీటీ (కేంద్ర వృత్తి శిక్షణ మండలి) గుర్తింపు ఉందో లేదో ఆన్‌లైన్‌లో విడిగా చూసుకోండి. గుర్తింపు ఐటీఐ మొత్తానికి ఒకేసారి రాదు, ట్రేడువారీగా, యూనిట్లవారీగా వస్తుంది. యూనిట్‌కి 20 మంది. ఫిట్టర్‌కి గుర్తింపు ఉంది కదా అని ఎలక్ట్రీషియన్‌లో చేరకూడదు. "హాజరు మేం చూసుకుంటాం, పరీక్షకు వస్తే చాలు" అని ఎవరైనా అంటే మంచి మాటలా వినిపిస్తుంది, కానీ ఆ 60 వేలూ కాగితానికి పోతున్నట్టు.

తర్వాత అప్రెంటిస్‌షిప్. దీన్ని దయచేసి వదలొద్దు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద కంపెనీలో ఒక ఏడాది శిక్షణ, చివర పరీక్ష, ఎన్ఏసీ (జాతీయ అప్రెంటిస్‌షిప్) సర్టిఫికెట్. 2019 నిబంధనల్లో ఐటీఐ పాసైనవాళ్ళకు స్టైపెండ్ నెలకు కనీసం 7,000 అని పెట్టారు. కంపెనీలు అంతకంటే ఎక్కువ ఇవ్వొచ్చు, చాలాచోట్ల ఇస్తున్నాయి. "హెల్పర్‌కే 12 వేలు వస్తుంటే ఐటీఐ చదివి 7 వేలకా" అని ఇంట్లో అంటారు. ఆ ఏడాదే కుర్రాడు మొదటిసారి బ్రేక్‌డౌన్ చూస్తాడు. రాత్రి షిఫ్టులో లైన్ ఆగిపోయి, ప్రొడక్షన్ వాళ్ళు నెత్తిన నిలబడితే డ్రాయింగ్ విప్పి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఏ ఐటీఐలోనూ రాదు. ఇంకో సంగతి, దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్‌లను రాతపరీక్ష లేకుండా టెన్త్, ఐటీఐ మార్కుల మెరిట్ మీదే తీసుకుంటోంది. రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్ళకు లెవెల్-1 (గ్రూప్-డి) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. అందుకే ఐటీఐలో "పాసైతే చాలు" అనుకోకూడదు, ప్రతి మార్కూ పనికొస్తుంది.

పాలిటెక్నిక్ సంగతి. పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) వస్తే మూడేళ్ళు, ఫీజు తక్కువే. డిప్లొమా ఉంటే డిస్కంలో సబ్ ఇంజనీర్‌కీ, రైల్వేలో 35,400 మూల వేతనమున్న జూనియర్ ఇంజనీర్‌కీ అర్హత వస్తుంది. ఐటీఐ, అప్రెంటిస్‌షిప్ కలిపినా మూడేళ్ళే కదా, అదే మూడేళ్ళకు ఒక మెట్టు పైన దిగుతాడు. కానీ లెక్కలంటే భయపడే పిల్లవాణ్ణి అక్కడ వేస్తే బ్యాక్‌లాగులు మిగులుతాయి. పదో తరగతి లెక్కల మార్కులు చూసి మీరే నిర్ణయించగలరు. ఐటీఐలో చేరితే ఆ దారి మూసుకుపోదు కూడా. ఐటీఐ తర్వాత బ్రిడ్జి కోర్సు చేసి ఎల్‌పీసెట్ (ఐటీఐ వాళ్ళకు పెట్టే ప్రవేశ పరీక్ష) రాస్తే నేరుగా డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు, అక్కణ్ణుంచి డిప్లొమా వాళ్ళకు పెట్టే ఈసెట్‌తో బీటెక్‌కీ వెళ్ళొచ్చు.

ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సు గురించి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు చెబుతారు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఉంటే ఖర్చు తక్కువ, లైన్‌మన్ పోస్టుకి పనికొస్తుంది. కానీ అసిస్టెంట్ లోకో పైలట్ లాంటి వాటికి ఐటీఐయే అడుగుతారు, ఫ్యాక్టరీల్లో కూడా ఐటీఐకే విలువ. నేనైతే ఐటీఐ వైపే.

గల్ఫ్ గురించి చిన్న మాట. ఐటీఐతో పాటు రెండు మూడేళ్ళ ఇండస్ట్రియల్ అనుభవం ఉంటే అక్కడ ఎలక్ట్రీషియన్‌గానే వెళతారు, లేకపోతే హెల్పర్‌గా వెళ్ళి ఎలక్ట్రీషియన్ పని చేస్తూ హెల్పర్ జీతం తీసుకుంటారు. సౌదీకి ఎలక్ట్రీషియన్ వీసా కావాలంటే ఇప్పుడు ఇక్కడే స్కిల్ టెస్ట్ పాసవ్వాలి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ చార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ. లక్షల్లో అడిగేవాడి దగ్గరికి వెళ్ళొద్దు.

మేనమామ గారిని మాత్రం దూరం పెట్టుకోకండి. ఐటీఐలో మోటార్లు, స్టార్టర్లు నేర్పుతారు గానీ స్లాబ్ పైపులు వేయడం, గోడ కట్ చేసి బాక్సు లెవెల్లో కూర్చోబెట్టడం, మనుషులతో రేటు మాట్లాడుకోవడం అక్కడ రావు. ఎండాకాలం సెలవుల్లో, ఆదివారాల్లో ఆయన వెంట వెళితే చేతిఖర్చులూ వస్తాయి, ఈ పనులన్నీ వస్తాయి. పైగా చట్టప్రకారం వైరింగ్ పనులు లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ ద్వారా, పర్మిట్ ఉన్నవాళ్ళ చేత జరగాలి. ఐటీఐ పాసయ్యాక తమ్ముడు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ నుంచి పర్మిట్ తెచ్చుకుంటే, అపార్ట్‌మెంట్లు, స్కూళ్ళు, రైస్ మిల్లుల పనులు మేనమామ, మేనల్లుడు కలిసి ఒప్పుకోవచ్చు. మీ వైపు రైస్ మిల్లులు ఎన్నున్నాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. వాటిలో మోటారు ప్యానెళ్ళు చూసే మంచి మనిషికి ఎప్పుడూ గిరాకీయే. రూఫ్‌టాప్ సోలార్ కూడా పెరుగుతోంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లు పెట్టుకున్న ఇంటికి 78 వేల సబ్సిడీ వస్తోంది కాబట్టి చిన్న టౌన్లలో కూడా ఇన్‌స్టాలేషన్ టీములు తిరుగుతున్నాయి. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కి ఆ పని పట్టుబడటానికి ఎక్కువ కాలం పట్టదు.

ఒక్క విషయంలో మాత్రం మేనమామ గారితో కాస్త గట్టిగా మాట్లాడండి. తమ్ముడు ఆయన వెంట వెళ్ళినా సరే, సప్లయ్ ఉండగా పని చేయించొద్దు, స్తంభం మీదికి అసలే ఎక్కించొద్దు. లైన్ మీద పని చేయాలంటే ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సప్లయ్ ఆపారన్న అనుమతి) తీసుకుని, ఎర్త్ రాడ్లు తగిలించి, కరెంటు డిపార్ట్‌మెంట్ వాళ్ళే ఎక్కాలి. ఊళ్ళలో ఫ్యూజు పోతే "నువ్వు ఐటీఐ చదువుతున్నావు కదా, కాస్త చూడు" అని ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గరికి పిల్లల్ని పంపిస్తుంటారు. ఆ పని తనది కాదని తమ్ముడికి మొదటి రోజే చెప్పండి.

టెన్త్‌లో లెక్కలు, సైన్సు మార్కులెన్ని, ఇంటికి దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఐటీఐలు ఏవి, ఆ ప్రైవేటు ఐటీఐకి వెళ్ళినప్పుడు వర్క్‌షాప్‌లో ఏం కనిపించింది, ఈ మూడూ కింద రాయండి. ఆప్షన్లు ఏ వరసలో పెట్టుకోవాలో చెబుతాను.